కథలు పోసే సంఘం

విశ్వవిద్యాలయాల్లో సంఘాలు పెట్టేవాళ్లకు ఏవో గొప్ప ఆశయాలుంటాయి. నేను పెట్టింది మా ఆవు కోసం. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, నవ్వనీ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం అలవాటైపోయింది.

మాది కర్ణాటకలో గౌనిపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. కొంచెం రాగి చేను, కొన్ని మామిడి చెట్లు, ఒక సీమావు. మామిడి ఏడాదికోసారి కరుణిస్తుంది, అదీ దానికి బుద్ధి పుడితే. మిగతా రోజులన్నీ మా ఇల్లు నడిచేది ఆవు మీదే. నాన్న మా ఊరి పాల సంఘానికి సెక్రటరీ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను ఉంటాయి, మొహంలో నవ్వు ఉండదు. మా ఇంటి పాలే ఒకరోజు పలచగా ఉన్నాయని అందరి ముందూ వెనక్కి పంపిన మనిషి. ఆ పూట అమ్మ ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఆవు మొదటిసారి ఈనినప్పుడు నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అమ్మకు చికున్‌గున్యా వచ్చి పోయింది గానీ వేళ్లు మడతపడటం లేదు. అందుకని పాలు పిండే పని నా మీద పడింది. మూడోరోజుకల్లా ఆవు ఒక నిర్ణయానికి వచ్చేసింది: ఈ ఇంట్లో తన పొదుగు ముట్టుకునే అర్హత నాకొక్కదానికే ఉంది. తర్వాత నాన్న కాలు నయమైంది, ఆవు మనసు మాత్రం మారలేదు. నాన్న కూర్చుంటే తన్నేది. అమ్మ కూర్చుంటే మర్యాదగా నిలబడేది గానీ పాలు కిందికి వదిలేది కాదు. పక్కింటి వాళ్ల దగ్గర పిండే మిషన్ అడిగి తెచ్చాం. దాన్నీ తన్నింది.

కోలారులో నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరినప్పుడు మొదటి సెమిస్టర్ హాయిగా గడిచింది. పొద్దున పాలు పిండేసి బస్సెక్కేదాన్ని. మూడింటికి క్లాసులు అయిపోయేవి, మూడుంబావు బస్సు పట్టుకుంటే ఐదుకు ఊళ్లో దిగేదాన్ని. ఐదున్నరకు ఆవు కింద కూర్చునేదాన్ని. రెండో సెమిస్టర్‌లో టైంటేబుల్ మార్చారు. ప్రాక్టికల్స్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. మధ్యలో వెళ్లిపోతే ఆబ్సెంటే. నాలుగుసార్లు వెళ్లిపోయాను. ల్యాబ్ మేడమ్ పిలిచి, ఇంకో మూడుసార్లు వెళ్తే పరీక్ష రాయనివ్వనని నెమ్మదిగా చెప్పింది. అరిచి చెప్పినా ఇంత భయపడేదాన్ని కాదు.

ఆ రాత్రి ఈ మాట ఇంట్లో చెప్పాను. నాన్న ముద్ద ముగించి చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆవును అమ్మేద్దాం" అన్నాడు.

"నాయనా."

"నీ చదువు కంటే ఆవు ఎక్కువేం కాదు కదమ్మా. వేరేవాళ్ల ఇంటికి పోతే కొన్నాళ్లకి అలవాటు చేసుకుంటాది."

దూడగా ఉన్నప్పుడు నా దుప్పటి నమిలి, నా చేతిలో నుంచి బెల్లం తిని పెరిగిన ఆవు అది. అమ్మేయడమన్న మాట వినగానే నాకు ఏడుపు, కోపం ఒకటేసారి వచ్చాయి. ఒక నెల ఆగమని బతిమిలాడాను, ఏదో ఒకటి చేసి ప్రాక్టికల్స్ పొద్దుటికి మార్పిస్తానన్నాను. నాన్న ఉగాది దాకా గడువిచ్చాడు. అంతవరకూ సాయంత్రాలు తామే ఎట్లో చూసుకుంటామనీ, నేను మాత్రం ల్యాబు ఎగ్గొట్టొద్దనీ అమ్మ అంది. ఎట్లా చూసుకుంటారో నేను అడగలేదు.

మరుసటి రోజు ఆఫీసుకి వెళ్లి అర్జీ ఇచ్చాను. అక్కడి గుమాస్తా కాగితం తిప్పి చూసి, టైంటేబుల్ గురించి ఒక్కొక్కరి అర్జీలు తీసుకోరనీ, గుర్తింపు ఉన్న విద్యార్థి సంఘం ద్వారా రావాలనీ చెప్పాడు. నాటక సంఘం ఉంది, సైన్సు సంఘం ఉంది, వాటిలో ఉన్నవాళ్లంతా టౌన్ పిల్లలు. వాళ్లకు మూడుంబావు బస్సంటే ఏమిటో తెలియదు.

క్లాసులో నాకు ఇద్దరే దగ్గరివాళ్లు. ఒకతె బంగారు గనుల ఊరు కేజీఎఫ్ పిల్ల. వాళ్ల తాత గనిలో పనిచేశాడు, నాన్న గుమాస్తా. సగం తెలుగు, సగం తమిళం, కోపం వస్తే పూర్తి ఇంగ్లీషు. ఇంకొకడు లక్కూరు నుంచి మాలూరు మీదుగా వచ్చేవాడు. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు, సాయంత్రం మేతకు ఆకు కోయాలి. మా బాధ అతనికి చెప్పకుండానే అర్థమైంది.

"బస్సు కోసం సంఘమంటే ఎవురూ ఒప్పుకోరు" అన్నాడు లక్కూరు అబ్బాయి. "విద్యా, సాంస్కృతికం అని ఏదో ఉండాలంట."

"కతలు చెప్పుకునే సంఘం పెడదామే" అంది కేజీఎఫ్ పిల్ల. "మన ఇండ్లలో జరిగిందే చెప్పుకుందాం. సుమ్మా, ఊరికే, ఖర్చు లేని పని."

"నీకు బస్సు బాధ లేదు కదా, నీకెందుకు?" అన్నాను.

"మీ జతకే. మీరిద్దరే పోయి అడిగితే ఎవురు ఇస్తారు?"

అది నిజమే. ఆలూ లేదు చూలూ లేదు గానీ, ఆ పూటే మేం ముగ్గురం ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ పదవులు పంచేసుకున్నాం. కేజీఎఫ్ పిల్ల నేనే ప్రెసిడెంటుగా ఉండాలంది, ఎందుకంటే నాకు అందరికంటే త్వరగా కోపం వస్తుందట. కావాల్సిన పాతికమంది సంతకాలు మూడు రోజుల్లో అయ్యాయి. పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఎందుకు ఏమిటని అడగకుండా సంతకం పెట్టేస్తారు, పాపం, మా ఊళ్లలో సంఘమంటే మంచిదే అయి ఉంటుందని నమ్మకం.

చిక్కు వచ్చింది నియమావళి దగ్గర. సంఘానికి నియమావళి కావాలి, ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన సంఘం లోకంలో ఒక్కటే, పాల సంఘం. నాన్న బీరువాలో నీలం అట్టతో వాళ్ల నియమాల పుస్తకం ఉండేది. దాన్ని పేజీ పేజీ ఫోనులో ఫొటో తీసుకుని, కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టైపింగు షాపులో ఇచ్చాను. "పాలు అని ఉన్నచోటల్లా కథలు అని పెట్టు, ఉత్పత్తిదారులు అన్నచోట విద్యార్థులు అని పెట్టు" అన్నాను.

"అదేం పెద్ద పనికాదమ్మా, ఒగే బటను" అన్నాడు షాపాయన.

ఆరోజే ఆఖరు తేదీ. ప్రింటు వేడిగా ఉండగానే తీసుకుని పరిగెత్తాం. చదవలేదు. చదివి ఉండాల్సింది.

విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసర్‌ను అంతవరకు దూరం నుంచే చూశాను. మా నాన్నలాగే నవ్వని రకం. మమ్మల్ని నిలబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, కన్నడలో ఉన్న ఆ నియమావళిని పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను దాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను, నవ్వు ఏ భాషలోనైనా అంతే వస్తుంది.

"ప్రతి సభ్యుడూ రోజుకు రెండు పూటలా సంఘానికి కథలు పోయవలెను" అని చదివాడు. మా వైపు చూశాడు. మేం నేల వైపు చూశాం.

"సభ్యత్వం కోరే విద్యార్థికి కనీసం ఒక పాడి పశువు ఉండవలెను."

కేజీఎఫ్ పిల్ల నా చెయ్యి గిల్లింది. వాళ్లింట్లో కోడి కూడా లేదు.

"కథలలో నీళ్లు కలిపినట్లు తేలినచో మొదటిసారి హెచ్చరిక, రెండవసారి ఆ పూట కథలు తిరస్కరణ, మూడవసారి సభ్యత్వం రద్దు. ఈనిన ఏడు రోజుల లోపు వచ్చే కథలు స్వీకరించబడవు. కథలు తెచ్చే పాత్ర శుభ్రముగా తోమబడి ఉండవలెను. పొరుగింటి కథలను తమవిగా తెచ్చి పోసినచో విచారణ జరుపబడును."

ప్రొఫెసర్ ఆగలేదు. ఒక్కో నియమం అదే గొంతుతో, తీర్పు చదివినట్టు చదువుకుంటూ పోయాడు. పశువులకు టీకాలు వేయించే బాధ్యత సంఘానిదనే దగ్గరికి వచ్చేసరికి లక్కూరు అబ్బాయి భుజాలు కదలడం మొదలైంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇక్కడ కాగితం చించి పారేస్తే అక్కడ ఆవును సంతకు తోలేస్తారు.

పదహారు పేజీలూ అయ్యాక ఆయన కాగితాలు సర్ది టేబుల్ మీద పెట్టాడు. తర్వాత కన్నడ వదిలేసి, మా ఇంట్లో మాట్లాడే తెలుగులో అడిగాడు.

"ఏ ఊరు మీది?"

చెప్పాను.

"పాల డైరీలో సెక్రటరీ ఎవురు?"

"మా నాయనే సార్."

"మా అమ్మ ముప్పై ఏండ్లు డైరీకి పాలు పోసింది. ఈ పుస్తకం మా ఇంట్లోనూ ఉండాది, నీలం అట్ట." మళ్లీ కాగితాలు తీసి, పాడి పశువు నియమాన్నీ, టీకాల నియమాన్నీ, ఈనిన ఏడు రోజుల నియమాన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. "నీళ్లు కలిపేది, పొరుగింటిది తెచ్చేది, ఆ రెండూ ఉండనీ. కథలకీ అవే కావాల. మొదటి మీటింగుకి నేను వస్తాను. ఫోనులో చూసి చదివేది, పుస్తకంలోది చెప్పేది ఒప్పుకోను. ఎవురింట్లోది వాళ్లు చెప్పాల. అది చూసినాక సంతకం పెడతాను."

మీటింగు పెట్టుకున్నది ఒక మధ్యాహ్నం భోజనాల వేళ. మా పల్లెల్లో మీటింగుకి మనుషులు రావాలంటే తినడానికి ఏమైనా ఉండాలి, లక్కూరు అబ్బాయి ఇంటి నుంచి డబ్బా నిండా మసాలా బొరుగులు తెచ్చాడు. ముప్పైమంది వచ్చారు. బొరుగులు అయిపోయాయి. ఆ తర్వాత ఎవరూ నోరు తెరవలేదు. వెనక బెంచీలో ప్రొఫెసర్ కూర్చుని ఉన్నాడు, సంతకం పెట్టని కాగితం ఆయన ముందర ఉంది.

మొదట కేజీఎఫ్ పిల్లే లేచింది. గని మనుషుల కోసం కట్టిన వాళ్ల వరస ఇళ్లలో రెండిళ్లకు ఒకటే గోడ. వాళ్ల అవ్వకూ పక్కింటామెకూ ఇరవై ఏళ్లు ఆ గోడ మీదనే పోట్లాట, ఈమె ఇవతల గరిటెతో కొడితే ఆమె అవతల చెంబుతో కొట్టేదట. పక్కింటామె కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు మర్యాదస్తులు, కొడితే కొట్టరు. "మా అవ్వకి ఇప్పుడు తిన్నది అరగడం లేదప్పా" అంది కేజీఎఫ్ పిల్ల. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒకబ్బాయి, కోలారు పక్క నరసాపురం ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగే అన్న బైకు మీదనే తను ఇంటికి పోవాలనీ, ల్యాబు వల్ల ఇప్పుడు అన్న రెండు గంటలు హైవే పక్కన టీ అంగట్లో కూర్చుంటున్నాడనీ, టీ అంగడాయన అన్నకు పెళ్లి సంబంధం కూడా చూసేశాడనీ చెప్పాడు.

తర్వాత నా వంతు. నేను ఇంకేదో సిద్ధం చేసుకుని వెళ్లాను, అది నోటికి రాలేదు. ఆవు వచ్చింది. మంచంలో నాన్న, వంగని అమ్మ వేళ్లు, మిషన్‌ను తన్నడం, అన్నీ చెప్పాను. ముందు బెంచీలో ఎవడో నవ్వాడు.

"నవ్వేది ఉంటే బయటికి పోప్పా" అన్నాను. "ఉగాదికి మా ఆవును అమ్మేస్తారు. అది నేను లేకుండా పాలివ్వదు. నేను ల్యాబు వదిలితే పరీక్ష పోతుంది, ల్యాబులో ఉంటే ఆవు పోతుంది. రెండూ ఉండాలంటే నేనేం చెయ్యాల, నువ్వు చెప్పు."

నాకు కళ్లలో నీళ్లు వచ్చేశాయి, అంతమంది ముందు ఏడ్చానని ఇంకా కోపం వచ్చింది. వెనక నుంచి ప్రొఫెసర్ అడిగాడు.

"ఏమ్మా, ఈ సంఘం పెట్టింది దీనికోసమేనా?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "అవును సార్."

"ఇంగెవురికుంది ఈ బస్సు బాధ?"

ఒక్కొక్కటే చేతులు లేచాయి. సంతకాలు పెట్టినప్పుడు ఎవరూ అడగలేదు, చెప్పలేదు, కానీ సగం గదికి అదే బాధ. ఆయన లెక్క చూసుకుని, కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "దీంట్లో నీళ్లు కలపలేదు. సంఘం పేరు మీద అర్జీ రాసి రేపు తీసుకోని రా" అన్నాడు.

అర్జీ ఇచ్చాక రోజులు గడవలేదు, ఈడ్చుకుంటూ నడిచాయి. నేను ఐదింటిదాకా ల్యాబులో ఉండి, ఏడున్నరకు ఇల్లు చేరేదాన్ని. అప్పటికి పాలు డైరీకి వెళ్లిపోయి ఉండేవి, నాన్నా అక్కడే ఉండేవాడు. పాలు ఎంత ఇచ్చిందని అమ్మను అడిగితే, "ఏదో అవుతావుండాదిలే, నువ్వు తిను" అని వంటింట్లోకి పోయేది. నా మొహం చూసేది కాదు. ఆవును అమ్ముతామని ఎవరికో మాట ఇచ్చేశారని, నాకు చెప్పలేక దాస్తున్నారని నేను తీర్మానించుకున్నాను. పొద్దున ఆవు కింద కూర్చున్నప్పుడల్లా ఇదే ఆఖరు పిండడమేమో అనిపించేది.

ఉగాది ఇంకా వారం ఉందనగా నోటీసు బోర్డులో కాగితం పడింది. సోమవారం నుంచి ప్రాక్టికల్స్ పొద్దున, థియరీ మధ్యాహ్నం, మూడింటికి అంతా ముగింపు. కేజీఎఫ్ పిల్ల కారిడార్లోనే ఈల వేసింది. ఇంట్లో నేను ఒక్క మాట కూడా అనలేదు, సోమవారం సాయంత్రం నేరుగా వెళ్లి ఆవు ముందు నిలబడి చెబుదామనుకున్నాను.

సోమవారం మూడుంబావు బస్సు ఎక్కాను. ఎన్ని రోజులకో. టైరు పంక్చరై అరగంట ఆలస్యమైంది. బస్సు దిగి పరిగెత్తాను. ఇంటి వెనక్కి తిరిగి ముందుగా చూసింది కొట్టంలో తోక కోసం. ఉంది. ఊగుతోంది.

ఆవు కింద నా పాత నైటీ కూర్చుని ఉంది. పసుపు పూలది, అమ్మ మసిగుడ్డకు వాడేసిందనుకున్నది. తలకు నా తువ్వాలు. అమ్మే అనుకున్నాను. కానీ అమ్మ పక్కన దూడ పలుపు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బెంజీనూ" అంది నైటీ, మా నాన్న గొంతుతో. "టాల్వీనూ. ఇంగ, నాఫ్తలీనూ."

పాలు పిండేటప్పుడు నేను కెమిస్ట్రీ పాఠం వల్లె వేసుకుంటాను. ఆ ఆవుకు పాలివ్వాల్సిన వేళ అంటే ఆ మాటలే. నాన్న గోడవతల మంచం మీద పడుకుని ఎన్నాళ్లు విన్నాడో. ఆవు సగం కళ్లు మూసి నెమరేస్తూ నిలబడింది, బక్కెట్లో పాలు మోగుతున్నాయి.

నాన్న నన్ను చూశాడు. చేతులు ఆపలేదు. "గమ్మునుండు. మధ్యలో ఆపితే తంతాది" అన్నాడు. నేను గడప మీద కూర్చున్నాను.

అయ్యాక లేచి నిలబడ్డాడు. నైటీ పిక్కల దాకా వచ్చింది. మెడ దగ్గర తెల్ల చొక్కా కాలరు కనిపిస్తోంది. నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపుకోలేనంత నవ్వాను, ఎప్పుడు ఏడుపయిందో నాకే తెలియలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నువ్వు ల్యాబులో ఉండిపోయిన నాలుగో దినం నుంచి" అంది అమ్మ. "తొలినాడు పాలిచ్చిందనే సంతోషంలో విప్పేది మర్చిపోయి అట్లనే డైరీకి పోయినాడు. క్యూలో ఊరంతా ఉండాది."

"నవ్వినారా?"

"నవ్వినారు" అన్నాడు నాన్న. "నవ్వితే పాలు విరుగుతాయా."

"నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్తే సిగ్గుపడి ల్యాబు వదిలేసి వచ్చేస్తావని."

సంఘం గురించి, నోటీసు గురించి చెప్పాను. ప్రొఫెసర్, ఎర్ర పెన్ను, చేతులు లేవడం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఇక రోజూ ఐదుకల్లా వచ్చేస్తాను, ఈ వేషం అవసరం లేదన్నాను. నాన్న నైటీ విప్పి, మడిచి, మేకుకు తగిలించాడు. చొక్కా సరిచేసుకున్నాడు.

"మంచి పని చేసినావు. ఆ పిల్లోళ్లందరికీ బస్సు దొరుకుతాది" అన్నాడు. "నీకు రావాలనిపిస్తే రా తల్లీ. ఆవు కోసమని మాత్రం పరిగెత్తుకోని రావద్దు."

"దానికి నేనే కావాల కదా."

"దానికి తెలుసు నేనని. తొలినాడే వాసన చూసింది, మొగం చూసింది, రొంతసేపు ఆలోచన చేసింది. పోనీలే అని ఇచ్చింది."

క్యాను తీసుకుని డైరీకి వెళ్లిపోయాడు. నాకు కొంచెం బాధేసింది, నిజం చెప్పాలి. నేను లేకపోతే ఈ ఇల్లు జరగదని ఇన్నాళ్లూ అలిసిపోతూ, లోపల్లోపల గర్వపడుతూ తిరిగాను. అది పోయింది. పోయాక ఒళ్లు ఎంత తేలికైందో ఆ రాత్రి పడుకున్నాకే తెలిసింది.

మరుసటి రోజు మూడుంబావు బస్సు నా కళ్ల ముందే వెళ్లింది. నేను ఎక్కలేదు. లైబ్రరీలో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. ఐదున్నర అయ్యేసరికి నా వేళ్లు వాటంతటవే ముడుచుకుని విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఉండబట్టలేక బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, ఇచ్చిందా అని అడిగాను.

"గమ్మునుండే" అంది అమ్మ గొంతు తగ్గించి. "మీ నాయన ఇంకా నాఫ్తలీను దాకా రాలేదు."